వెనకింటి ఆకు

అనగనగా ఒక కోట. కోటలో జనం పట్టక, గోడ అవతల ఇంకో ఊరు పుట్టింది. దాన్ని కొత్తపేట అనేవారు. పట్నమూ కాదు, పల్లే కాదు. అందరూ పల్లెలనుంచి వచ్చినవాళ్ళే. నెత్తిన మూట, చంకన పిల్ల, చేతిలో కోడి. అలా వచ్చారు.

ఊ కొడుతున్నారా? కొట్టండి. మీ ఊ వినపడకపోతే నాకు కథ సాగదు.

కొత్తపేటలో ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉండేవి. ఈ ఇంట్లో తుమ్మితే ఆ ఇంట్లోంచి చిరంజీవ అనేవారు. పల్లెలో అయితే కోడి ఎటు పోయినా అడిగేవాడు లేడు. ఇక్కడ అలా కాదు. ఒకరి కోడి ఇంకొకరి వడియాలు తొక్కింది. ఆ ఇంకొకరి దూడ మరొకరి చిక్కుడు పాదు మేసింది. ఆ మరొకరి కుక్క అందరినీ కరిచింది. తగాదాలు రాజుగారి దాకా పోయాయి. రాజుగారికి విసుగొచ్చి దండోరా వేయించారు.

ఏమని వేయించారూ? కొత్తపేటలో మనిషి కానిది ఏది ఉండాలన్నా, కోడి కానీ కుక్క కానీ మరోటి కానీ, నాలుగు వైపుల పొరుగువాళ్ళూ ఒప్పుకోవాలి. కుడి ఇల్లు, ఎడమ ఇల్లు, ఎదురిల్లు, వెనకిల్లు. ఒప్పుకున్నవాళ్ళు తొడిమ ఉన్న తమలపాకు ఇవ్వాలి. ఒప్పుకోనివాళ్ళు తొడిమ గిల్లేసి ఇవ్వాలి. తొడిమలున్న ఆకులు నాలుగూ చావడిలో చూపిస్తే రాగి బిళ్ళ ఇస్తారు. అది గూటికి కట్టుకోవాలి. గూడు గోడకి దూరంగా ఉండాలి. పొద్దుగూకితే కోళ్ళని గంప కింద కమ్మాలి. బిళ్ళ లేకుండా పెంచారా, కోళ్ళు రాజుగారి వంటింటికి, మీరు పేట బయటికి.

పేట బయట ఏముందంటారా? ఏమీ లేదు. అదే భయం.

ఆ పేటలో సూరమ్మ అని ఒక కోడలు. మొగుడు బోడెయ్య, అత్త వెంకాయమ్మ. ఒక్కగానొక్క కూతురు తవిటమ్మ. ఆ పిల్లకి ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదు. అందుకే ఈ పిల్లని పుట్టగానే చేటలో పడుకోబెట్టి, పొరుగామెకి ఇచ్చి, చేరెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు. చావు చూస్తే ఇది తవుడుకి కొన్న పిల్ల లే అని పోతుందని. అలా తవిటమ్మ అయింది.

పిల్ల పుల్లలా ఉండేది. వైద్యుడు వచ్చి కనురెప్ప లాగి చూశాడు. పిల్ల ఒంట్లో రక్తం లేదు, రోజూ గుడ్డు పెట్టండి, లేకపోతే ఈ వానాకాలం దాటదు అన్నాడు. చెప్పి వెళ్ళిపోయాడు. సూరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

తర్వాత కొంగు బిగించి ఆకులకి బయల్దేరింది.

కుడి ఇంటావిడ ఆకు ఇస్తూ, కోళ్ళ పెంట మాత్రం నా గుమ్మడి పాదుకే వెయ్యాలి, ఎడమింటి దానికి ఇచ్చావో చూడు అంది. ఎడమింటావిడ ఆకు ఇస్తూ, పెంట ఆవిడకి ఇస్తే ఇచ్చావుగానీ పండక్కి నాలుగు గుడ్లు నాకు అంది. ఎదురింటి ముసలాయన చెవిటివాడు. ఎన్నైనా పెంచుకో, నాకు వినపడితే కదా అన్నాడు. మూడు ఆకులయ్యాయి.

వెనకిల్లు మిగిలింది.

వెనకింట్లో ఎవరూ లేరు. తలుపు మీద చెదలు. ఆ దారిన పిల్లలు పరిగెత్తేవాళ్ళు, పెద్దవాళ్ళు పరిగెత్తనట్టు నడిచేవాళ్ళు. సూరమ్మ చావడికి పోయి, అయ్యా, మూడే ఆకులు, నాలుగోది ఖాళీ ఇల్లు అంది.

చావడి అధికారి నిబంధన తప్పితే ఇంకేమీ ఎరగని మనిషి. తల కూడా ఎత్తలేదు. ఖాళీ అని నేనెందుకు రాయాలమ్మా, ఎవరో ఉన్నారని పేటంతా చెప్పుకుంటోంది కదా, ఉన్నవాళ్ళని అడిగి ఆకు పట్రా అన్నాడు. ఉన్నది మనిషి కాదయ్యా అంది సూరమ్మ. అయితే ఏం, పొరుగు పొరుగే అన్నాడు.

దాన్ని ఏమంటారో మీకు తెలుసు. దీపం పెట్టాక ఆ పేరు పలకకూడదు. అవతలామె అందాం.

మిట్టమధ్యాహ్నం. కాకి కూడా అరవని వేళ. సూరమ్మ వెనకింటి తలుపు తోసింది. లోపల చల్లగా ఉంది. నూతిలోకి తొంగి చూస్తే వచ్చే చలి. మూలలో ఒకామె కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని. పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయి.

ఏయ్, దుప్పటి తియ్యి. ఊ కొట్టు. అదీ.

సూరమ్మ తాంబూలం పళ్ళెం ముందుకి జరిపి, అమ్మా, పెట్టల్ని పెంచుకుంటాం, నా పిల్లకి గుడ్డు కావాలి అంది. అంతే అనగలిగింది.

అవతలామె తాంబూలం అందుకుంది. పెట్టలు సరే అంది. పుంజు మాత్రం వద్దు. పుంజు కూస్తే నేను నా ఇంట్లో ఉండలేను, చెవుల్లో నిప్పు పోసినట్టుంటుంది. నీ దొడ్లో పుంజు కూసిన నాడు నేను వస్తాను. నీ పిల్లని తీసుకుపోతాను. సరేనా?

సూరమ్మ సరే అంది. ఏ తల్లయినా ఏం చేస్తుంది? అవతలామె ఆకు ఇచ్చింది. ఎండుటాకు. తొడిమ ఉంది.

బిళ్ళ వచ్చింది. గూటికి కట్టారు. పెట్టలు వచ్చాయి. పెట్టలు గుడ్లు పెట్టాయి. గుడ్లు పిల్ల తింది. పిల్లకి రంగు వచ్చింది. రంగు చూసి తల్లికి నవ్వు వచ్చింది. అంతవరకూ బాగానే ఉంది.

ఈలోగా ఒక పెట్ట పొదుగుకి కూర్చుంది. అప్పుడు బోడెయ్యకి తెలివి పుట్టింది. కోసుగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట, మా నాయన ఎప్పుడో చెప్పాడే అన్నాడు. పేట ఆ చివర పుంజు ఉన్న ఇంట్లో గుడ్లు అడిగి తెచ్చి, గుండ్రటివన్నీ ఏరి గంపలో పెట్టాడు. ఒకటి కూడా పుంజు రాదు, వస్తే నా మీసం తీసేస్తా అన్నాడు. నీ మీసం ఎవడిక్కావాలిరా అంది వెంకాయమ్మ.

పిల్లలు లేచాయి. అందులో ఒక ఎర్రటిది తవిటమ్మ వెనకే తిరిగేది. తవిటమ్మ చేతిలో నూకలు తినేది, తవిటమ్మ ఒళ్ళో నిద్రపోయేది. అది పెరిగింది. కాళ్ళు లావయ్యాయి. తోక వంగింది. ఒకనాడు తలమీద ఎర్రగా తురాయి పొడిచింది.

సూరమ్మ చూసింది. చూసి వెనక గోడ వైపు చూసింది.

గోడమీద వేళ్ళు ఉన్నాయి. వేళ్ళు మాత్రమే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం గోడమీద చేతులు. ఆ మర్నాడు గడ్డం ఆనించి కళ్ళు. అవతలామె తురాయి కేసి చూసేది. తురాయి ఎంత పెరిగితే ఆమె అంత పైకి లేచేది.

వెంకాయమ్మ కత్తి తీసి, ఈ పూటే పులుసు పెట్టేస్తానే అంది. తవిటమ్మ పుంజుని కావలించుకుని పడిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే నయం. ఒళ్ళు కాలిపోయింది, కళ్ళు తేలేసింది. కత్తి లోపల పెట్టేశారు. బోడెయ్య దాన్ని సంతకి తీసుకుపోయాడు. పేటలో కొనేవాళ్ళెవరూ పుంజు జోలికి రాలేదు. వాళ్ళకీ ఆకులు కావాలి కదా. వట్టి చేతులతో పోయినవాడు పుంజుతోనే తిరిగొచ్చాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ పుంజు మెడ చాచింది. కొక్కొ... అంది. గొంతు పెగల్లేదు. ఆగిపోయింది.

గోడ అవతలనుంచి మాట వచ్చింది. విన్నాను. సగమే కూసింది. మిగతా సగం కూసిన నాడు వస్తా.

ఊ కొడుతున్నారా? గట్టిగా.

ఇక సూరమ్మకి తిండి లేదు. పుంజు మెడ చాచందే కూయలేదు, పొట్టి గంప కింద పెడదాం అనుకుంది. అలాంటి గంప తెచ్చింది. గంప మీద గోనె, గోనె మీద రోలు. పుంజు లోపల కొక్ కొక్ మని మూలిగేది. తవిటమ్మ గంప పక్కనే కూర్చునేది. అమ్మా, దానికి ఊపిరాడటం లేదే అనేది. సూరమ్మ పిల్ల చెయ్యి వదిలేది కాదు. నీళ్ళకి వెళ్ళినా చంకనేసుకు వెళ్ళేది.

ఒక పొద్దున పాలు పొంగాయి. పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. అంతే, చెయ్యి వదిలింది.

పిల్లలకి పాపం అనిపిస్తే ఆగరు. తవిటమ్మ రోలు జరపలేకపోయింది. గంప అంచు కింద కర్ర దూర్చి ఎత్తింది. పుంజు బయటికొచ్చింది. రోలెక్కింది. రెక్కలు కొట్టింది. మెడ చాచింది. పేటంతా దద్దరిల్లేలా కూసింది.

వెనక గోడ నిలువునా పగిలింది.

అవతలామె రాలేదు. ముందు చలి వచ్చింది. తర్వాత తవిటమ్మ నీడ కదిలింది. పిల్ల నిలబడే ఉంది, నీడ మాత్రం గోడవైపు సాగుతోంది. ఎవరో కొంగు పట్టి లాగినట్టు. నీడ వెనక పిల్ల కాలు జారింది.

సూరమ్మ పొయ్యి దగ్గరనుంచి ఎలా వచ్చిందో తెలియదు. పిల్లని ఎత్తుకుంది. పరిగెత్తింది. ఎటు? గుడికా? మంత్రగాడి దగ్గరికా? కాదు. చావడికి. ఆమెకి అదే తోచింది. ఆకు చూపించిన చోటు అది.

వెనక అవతలామె. వీధిలో తలుపులు టపటపా మూసుకున్నాయి. కుడి ఇంటావిడ, ఎడమింటావిడ కిటికీలోంచి చూశారు. చెవిటి ముసలాయన మాత్రం అరుగుమీదే కూర్చుని, ఎవరమ్మా ఆ కొత్తావిడ, కాళ్ళు అలా వేస్తోందేం అని అడిగాడుట.

చావడిలో అధికారి తల ఎత్తాడు. పరుగెందుకు, వరసలో నిలబడండి అన్నాడు.

అవతలామె గుమ్మంలో నిలబడి, ఒప్పందం ఉంది, పుంజు కూసింది, పిల్ల నాది అంది. ఆ గొంతుకి కుండలో నీళ్ళు గడ్డకట్టాయి. ఒప్పందమే కదా అని అధికారి తల ఊపాడు. సూరమ్మ ఒళ్ళో పిల్ల చేతులు చల్లబడుతున్నాయి.

ఆ భయంలోనే నోరు వచ్చింది. భయం ఎక్కువైతే ఒక్కోసారి వస్తుంది.

అయ్యా, నా కోడి గుడ్డు పెట్టేదే. దానికి నేను నాలుగు ఇళ్ళు తిరిగాను. ఆవిడ ఇంటి తలుపు కూడా తట్టాను. మనిషి కానిది ఏది ఉండాలన్నా ఆకులు కావాలన్నారు. ఈవిడ ఉండటానికి ఎవరి ఆకు తెచ్చింది? ఈవిడ బిళ్ళ ఏది?

అధికారి అప్పుడు మొదటిసారి అవతలామె పాదాలు చూశాడు. చూసి భయపడలేదు. నిబంధన గుర్తొచ్చినవాడికి ఇంకేదీ గుర్తుండదు. ఏమ్మా, బిళ్ళ ఏదమ్మా అన్నాడు.

అవతలామె కొంగు తడుముకుంది. కొంగున ముడి కూడా లేదు. బిళ్ళ లేకపోతే పేట బయటికి నడవాలి, నువ్విచ్చిన ఆకూ చెల్లదు, ఆ ఒప్పందమూ చెల్లదు అన్నాడు. తవిటమ్మ నీడ చటుక్కున వచ్చి పిల్ల కాళ్ళకింద చేరింది. పిల్ల దగ్గింది. తల్లి పట్టు సడలించలేదు.

అవతలామె గుమ్మంలోనే కూలబడింది. పేట బయట ఎవరూ లేరు, ఒక్కదాన్నే ఎక్కడ ఉండను అంది. వణికింది. అవును, ఆమె కూడా.

కిటికీల్లోంచి తరిమెయ్యండి తరిమెయ్యండి అని కేకలు. సూరమ్మకి కూడా అదే అనాలనిపించింది. పిల్ల ముఖం చూసింది. తరిమితే ఎక్కడ తిరుగుతుందో తెలియదు. ఇంట్లో ఉంటే ఎక్కడుందో తెలుస్తుంది. అలా ఆలోచించింది.

చావడి పళ్ళెంలోంచి ఒక ఆకు తీసింది. తొడిమ మీద గోరు ఆనించి పట్టుకుంది. నా పుంజు కూస్తుంది, నువ్వు చెవులు మూసుకోవాలి. గోడమీద చెయ్యి వెయ్యకూడదు. నా పిల్ల వైపే కాదు, ఏ పిల్ల వైపూ చూడకూడదు. చూశావా, ఈ తొడిమ గిల్లేస్తాను. గిల్లమంటావా?

వద్దు వద్దు అంది అవతలామె.

సూరమ్మ ఆకు ఇచ్చింది. ఆమె ఇచ్చిందని ఆ ఇంటి మిగతా పొరుగువాళ్ళూ ఇచ్చారు. ఇస్తూ, మా వీధిలోకి రానంటేనే అని కుడి ఇంటావిడ, మా పెళ్ళిళ్ళకి రానంటేనే అని ఎడమింటావిడ. అధికారి బిళ్ళ ఇచ్చాడు. దాన్ని తలుపుకి కట్టుకుని అవతలామె లోపల కూర్చుంది. పుంజు కూసే ముందు బోడెయ్య వెళ్ళి గోడమీద తట్టి చెప్పేవాడుట, చెవులు మూసుకోవమ్మా అని. పగిలిన గోడ కూడా వాడిచేతే కట్టించారు. మీసం తీయించుకున్నాకే కట్టాడు.

తవిటమ్మ వానాకాలం దాటింది. ఇంకా చాలా వానాకాలాలు దాటింది. అందరూ బాగున్నారు.

దీన్నిబట్టి ఏం తెలిసింది? పక్కింట్లో ఎవరున్నా అడిగి పెంచుకోవాలి. అడిగినవాళ్ళకే, ఎవరినైనా, ఎంతటివాళ్ళనైనా, నిలబెట్టి అడిగే నోరు ఉంటుంది.

కథ కంచి పొలిమేర దాటిపోయింది. మనం దుప్పట్లోకి వచ్చేశాం. కళ్ళు మూసుకోండి. ఊ కొట్టక్కర్లేదు. చేతులు మాత్రం నాకు ఇవ్వండి. నేను మేలుకునే ఉంటాను.