బండి కింద తడి

ఓబులయ్యగారిని ఎవరైనా సందేహం అడిగితే ఆయన ముందు చెప్పులు వేసుకునేవారు. అడిగినవాడి వెంట వెళ్ళి, వాడు చేసేది చూస్తూ కూర్చునేవారు. జవాబు ఆ పూటే దొరకవచ్చు, నెల తర్వాత దొరకవచ్చు, అసలు దొరక్కనూ పోవచ్చు. నంద్యాలలో ఆయన దగ్గర అచలబోధ అనే వేదాంతం వినే శిష్యులకు ఈ అలవాటు తెలుసు గనుక, తొందరలో ఉన్నవాళ్ళు ఆయనను ఏమీ అడిగేవారు కారు.

మద్దిలేటికి తొందర ఉంది. అయినా అడిగాడు. బడిలో లెక్కలు చెప్పే ఈ శిష్యుడికి ఒక పాత కారు ఉంది. అందులో గిద్దలూరు వెళ్ళి, పుట్టింట్లో ఉన్న భార్య నాగవేణిని, ఐదు నెలల బిడ్డను ఇంటికి తెచ్చుకోవాలి. మధ్యలో నల్లమల. ఇన్నాళ్ళూ ఇంజను ఆయిలు మెకానిక్ షెడ్డులోనే మార్పించాడు గాని, ఈసారి ఎక్కేది తన బిడ్డ. తానే మారిస్తే నమ్మకమని ఒకవైపు, చెడగొట్టి అడవిలో ఆగిపోతే పసిబిడ్డతో దిక్కెవరని ఇంకోవైపు.

"సామీ, ఇంజనాయిలు మార్చే పని నేర్చుకున్యా. నేనే మార్చేదా, షెడ్డుకిచ్చేదా?"

"పద," అని ఓబులయ్యగారు చెప్పులు వేసుకున్నారు.

మద్దిలేటి ముందు చక్రాలను దిమ్మెల మీదికెక్కించి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి కిందికి దూరాడు. అడుగు బోల్టు విప్పితే పాత నూనె కాటుకలా దిగింది. ఫిల్టరు మార్చాడు, బోల్టు బిగించాడు, కొత్త ఆయిలు పోశాడు, ఆయిలు పుల్ల తీసి మట్టం చూశాడు. తీసిన నూనెను డబ్బాకు పట్టి షెడ్డులో ఇచ్చి వచ్చాడు. గురువుగారు అరుగు మీద కూర్చుని అంతా చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. బోల్టు బిగిసిందా? మరీ బిగించి మర చెడగొట్టానా? అన్నం తింటున్నా అదే ఆలోచన, పిల్లలకు భిన్నాలు చెబుతున్నా అదే ఆలోచన. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనను తానే తిట్టుకున్నాడు.

ప్రయాణం నాడు పెద్దదిక్కుగా ఓబులయ్యగారూ వచ్చారు. పోయేటప్పుడు మద్దిలేటి అవకాశం దొరికినచోటల్లా బండి ఆపి కిందికి వంగి చూశాడు. ఏమీ లేదు. తిరుగు ప్రయాణంలో, ఘాట్ ఎక్కాక, రోడ్డు పక్క ఖాళీ జాగాలో మళ్ళీ ఆపి వంగాడు. ఈసారి నేల మీద నల్లగా తడి ఉంది.

చుట్టూ అడవి, వెనక సీట్లో నిద్రపోతున్న బిడ్డ. మోకాళ్ళ మీద కూర్చుని బండి కిందికి చెయ్యి చాపాడు. ఇంకో చుక్క అరచేతిలో పడింది. చల్లగా ఉంది. రుద్దాడు, జిడ్డు లేదు. వాసన చూశాడు, వాసనా లేదు.

"నీళ్ళు సామీ! బిడ్డకని ఏసీ ఏసినాం గదా, ఆ నీళ్ళే!"

నవ్వాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. నాగవేణి కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంది, నీళ్ళు చూసి అట్ల ఎగురుతుండారు? ఇంటికాడ బిందె నిండా ఉండాయి గదా," అంది. ఆ మాటకు ఓబులయ్యగారు కూడా నవ్వేశారు.

మద్దిలేటి చేతులు కడుక్కుని ఆయన పక్కకు వచ్చాడు.

"ఈ తూరికి గండం గడిచింది సామీ. ఇంక షెడ్డుకే ఇస్తా. ఈ బెదురు నావల్ల కాదు."

"షెడ్డులో మార్పించినప్పుడు ఎన్నడన్నా ఇట్ల వంగి చూసినావా?"

"లేదు సామీ."

"వాళ్ళు సరిగ్గా బిగించినారని నీకెట్ల తెలుసు?"

ఇన్నేళ్ళూ అది తెలియకుండానే మద్దిలేటి నిశ్చింతగా తిరిగాడు.

ఇద్దరూ బండెక్కారు. వెనక సీట్లో నాగవేణి నిద్రపోతున్న బిడ్డ ముక్కు కింద వేలు పెట్టి, ఊపిరి తగిలాక తీసింది. గిద్దలూరు దాటినప్పటినుంచీ ఆమె చేస్తున్నది అదే. అద్దంలో చూసి మద్దిలేటి దారంతా ఎగతాళి చేస్తూనే వచ్చాడు.

"నువ్వు కొంచెంసేపు కునుకు తియ్యమ్మా. బిడ్డను నేను చూస్తాలే," అన్నారు గురువుగారు.

"మీరుండారని తెలుసు సామీ. చూసుకోకుంటే నాకే మనసు నిలవదు," అని ఆమె మళ్ళీ వేలు పెట్టింది.

మద్దిలేటి ఈసారి ఎగతాళి చెయ్యలేదు. తాళంచెవి తిప్పబోయి ఆగి, ఓబులయ్యగారి వైపు చూశాడు.

"వంగి చూసేది మరిచిన దినం షెడ్డుకిచ్చేద్దువులే," అన్నారాయన. "పోనియ్యి బండి."