తెలివిలంక మాజీలు, నరసాయమ్మ దూడ

గోదావరి మధ్యలో తెలివిలంక అని ఒక ఊరుండేది. ఆ ఊరివాళ్ళకి తమ తెలివి మీద ఉన్న గురి ఇంక దేనిమీదా లేదు. తమ లంక చుట్టూ నీళ్ళున్నాయి కాబట్టి తెలివి ఒక్క చుక్క కూడా బయటికి పోలేదని, పడవ ఎక్కిన ప్రతివాడికీ గొప్పగా చెప్పుకునేవారు. బయటి నుంచి లోపలికి కూడా రాలేదేమోనని పడవవాడికి అనుమానం. కానీ వీళ్ళు ఎక్కితేనే వాడికి కూలి, అందుకని పైకి అనేవాడు కాదు.

ఆ ఊళ్ళో మాటంటే మాటే. ఎలా చెబితే అలా చెయ్యడమే. పొయ్యి మీద ఓ కన్నేసి ఉంచమని అత్త చెబితే, కోడలు ఒక కన్ను చేత్తో మూసుకుని, రెండోది మాత్రమే పొయ్యి మీద వేసి కూర్చునేది. అన్నం మాడి బొగ్గయినా చెయ్యి తీసేది కాదు. అత్త కూడా ఆ బొగ్గు తింటూ కోడలి బుద్ధిని మెచ్చుకునేది.

ఊరికి ఒక ప్రెసిడెంటు ఉండేవాడు. నాయకుడన్నవాడు గద్దె ఎక్కాలంటారు కదా, అందుకని చావిడి ముందు సిమెంటుతో నడుమెత్తు గద్దె ఒకటి కట్టించారు. ప్రెసిడెంటు ఏడాదిపాటు దానిమీద కూర్చోవాలి, ఏడాది తిరగ్గానే దిగాలి. ఎక్కడం బాగానే ఎక్కేవాడు. దిగమంటే మాత్రం గద్దె అంచు రెండు చేతులా పట్టుకుని వేళ్ళాడేవాడు. నలుగురు కాళ్ళు పట్టుకు లాగితే కిందికి వచ్చేవాడు. అలా వచ్చినవాణ్ణి మాజీ అనేవారు.

మొట్టమొదటి మాజీ అబ్బులుగారు. లాగేసిన రోజున ఆయన వలవలా ఏడ్చాడు. ఊరందరికీ జాలేసింది. ఇకనుంచి మాజీలను గౌరవంగా చూసుకోవాలని కాగితం మీద తీర్మానం రాసి, చావిడి పెట్టెలో పెట్టి తాళం వేశారు. అంతే. మర్నాటి నుంచి ఇద్దరు మనుషులు ఆయన ఎదురుగా పీటలు వేసుకుని, చేతులు కట్టుకుని, ఆయన్ని గౌరవంగా చూడటం మొదలెట్టారు. ఆయన భోంచేస్తుంటే చూసేవారు. వీపు గోక్కుంటుంటే చూసేవారు. రెప్ప వేస్తే ఆ కాసేపూ గౌరవం తగ్గుతుందని, ఒకడు రెప్ప వేసినప్పుడు రెండోవాడు వెయ్యకుండా కాచుకునేవాడు. గొడుగు పట్టడానికి మూడోవాడు. ఇవి కాక ఒంట్లో సత్తువకి రోజుకో శేరు పాలు, బతికున్నన్నాళ్ళూ. ఏడాదికొక మాజీ తయారయ్యేసరికి ఐదేళ్ళలో ఐదుగురు మాజీలు, పదిమంది చూసేవాళ్ళు, ఐదు గొడుగులు అయ్యాయి. ఊళ్ళో కలుపు తీసే దిక్కు లేకుండా పోయింది.

ఇక పాలు. ఆ లంకలో పాడిగేదె ఒక్కటే, అది నరసాయమ్మది. ఆవిడకి మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఆ గేదె, దాని దూడ, అంతే ఆవిడ సంసారం. దూడ నుదుట తెల్లచుక్క ఉండేది, అందుకని చుక్కమ్మ అని పిలుచుకునేది. గేదె రోజుకి ఐదున్నర శేర్లు ఇస్తే ఐదు మాజీలకి పోయేవి, అరశేరు దూడకి మిగిలేది. దూడ డొక్కలు దూరం నుంచి లెక్కపెట్టొచ్చు. పాలు చేపడానికి తల్లి దగ్గర వదిలి, నాలుగు గుక్కలు తాగేలోగా లాగి కట్టేస్తుంటే అది తల్లివైపు చూసే చూపు చూడలేక నరసాయమ్మ మొహం తిప్పుకునేది. పైగా దసరా వెళ్ళగానే ఇప్పటి ప్రెసిడెంటు బులిసత్యం గద్దె దిగుతాడు, ఆరో మాజీ అవుతాడు. అప్పుడింక చుక్కమ్మకి చుక్క మిగలదు. దూడ బతకదు.

నరసాయమ్మ పడవెక్కి అవతలి ఒడ్డున ఆఫీసుకి వెళ్ళి, కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పుకుంది. అక్కడి ఆఫీసరుకి ఒళ్ళు మండింది. పాలభత్యం సంగతి ప్రజల ముందు పెట్టండి, లోతుగా పరిశీలించి తేల్చండి, అవసరం లేదనుకుంటే ఎత్తెయ్యండి అని కాగితం రాసి ఇచ్చాడు.

బులిసత్యం చావిడి దగ్గర ఆ కాగితం మూడుసార్లు చదివించుకున్నాడు. అందులో తెలియని మాట ఒక్కటీ లేదు. ఇంత వివరంగా రాసే ఆఫీసరుంటే దేశానికి ఏం లోటని అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున్నే పాలబిందె తీసుకెళ్ళి మొదటి ఇంటివాళ్ళ ముందు పెట్టారు. ముందు పెట్టింది తాగకపోతే పెట్టినవాళ్ళకి అవమానం కదా. ఇంటిల్లిపాదీ తలో గ్లాసు తాగి మూతి తుడుచుకున్నారు. బిందెని రెండో ఇంటి ముందు పెట్టారు. వాళ్ళూ మర్యాదస్థులే. ఇంకేముంది, ఏడో ఇంటికి బిందె ఖాళీ. ఎనిమిదో ఇంటి పేరయ్య బిందెలోకి తొంగిచూసి, ఇందులో పాలే లేవు, ఐదేళ్ళుగా మనల్ని మోసం చేస్తున్నారని కేకలేశాడు. ఇంకా బాగా చూద్దామని తల లోపలికి పెట్టాడు. తల మళ్ళీ బయటికి రాలేదు. నీకెందుకయ్యా ఈ విచారణలో తల దూర్చడం అని ఊరంతా తిట్టి, ఆముదం పోసి లాగారు.

రెండో రోజు లోతుగా పరిశీలించాలి. ఎక్కడ లోతని పడవవాణ్ణి అడిగితే, నడిగోదాట్లో రెండు నిలువులుంటుందన్నాడు. ఐదు శేర్ల పాలు పదిశేర్ల బిందెలో పోసి, మెడకి తాడు కట్టి, సరిగ్గా అక్కడ ముంచారు. బులిసత్యం పడవ అంచున బోర్లా పడుకుని, నీళ్ళలో మొహం పెట్టి, ఊపిరి ఆగేదాకా పరిశీలించాడు. తర్వాత బిందెని పైకి తేల్చారు. ఒడ్డుకి తెచ్చి కొలిస్తే పదిశేర్లు.

ఐదు ముంచితే పది తేలింది. విచారణ జరిగేకొద్దీ భత్యం పెరుగుతుందని ఊరికి ఆ రోజే తెలిసింది. మాజీల సంతోషం చెప్పనలవి కాదు. ఇన్నాళ్ళూ విచారణంటే అనవసరంగా భయపడ్డామని ఒకరినొకరు కోప్పడి, తలా రెండు శేర్లు గటగటా తాగి, ఇకనుంచి రోజూ తమమీద విచారణ జరిపించాలని పట్టుబట్టారు. సాయంత్రానికి ఐదుగురికీ కడుపులు కదిలాయి. చెంబులు పట్టుకుని పొలం గట్లకేసి పరుగు. వాళ్ళ వెనక గౌరవంగా చూసేవాళ్ళు పదిమంది పరుగు. వాళ్ళ వెనక ఐదు గొడుగులు. కాసేపు అటు తిరగండిరా అని అబ్బులుగారు చేతులు జోడించినా, తీర్మానం ఒప్పుకోదన్నారు.

ఇంత జరిగాక, రోజూ విచారణ వద్దు బాబోయ్ అని మాజీలే అన్నారు. అయితే భత్యం ఎత్తెయ్యడమే మిగిలింది. మూడో రోజు బిందెని తాడుతో కొబ్బరిచెట్టు పైకంటా ఎత్తి, మట్టకి కట్టారు. ఆ ఊళ్ళో అంతకన్నా ఎత్తు లేదు. మాజీలు కింద నిలబడి బిందెని చూస్తున్నారు. చూసేవాళ్ళు మాజీలను చూస్తున్నారు. ముడి వేసినవాడు కూడా ఆ ఊరివాడే కదా, ముడి జారింది. బిందె పక్కకి ఒరిగి పాలన్నీ అబ్బులుగారి నెత్తిమీద పడ్డాయి. ఆయన ఆనందంతో కళ్ళు తుడుచుకుని, చెట్టెక్కినవాడికి దణ్ణం పెట్టాడు.

"నా నెత్తిన పాలు పోశావురా నాయనా. నీ మేలు మర్సిపోలేను" అన్నాడు.

తమ నెత్తిన ఎందుకు పొయ్యలేదని మిగతా నలుగురూ అలిగారు. ఎత్తెయ్యడం కూడా అయిపోయింది కాబట్టి, మర్నాటి నుంచి పాలు మళ్ళీ మాజీలకే.

ఈ మూడు రోజులూ దూడ అరశేరు కూడా విచారణ ఖర్చు కిందే పట్టుకుపోయారు. దూడ నిలబడలేకపోయింది. నరసాయమ్మ గంజి తాగించబోతే నోరు తెరవలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆఫీసుకి వెళ్ళి ఉన్న కాస్తా పోగొట్టానని తనని తానే తిట్టుకుంది.

దసరా వెళ్ళింది. బులిసత్యాన్ని నలుగురూ లాగారు. కొత్త ప్రెసిడెంటు కోసం ఊరంతా చావిడి ముందు కూడింది. నరసాయమ్మ దూడని భుజాల మీద వేసుకుని వచ్చి గద్దె ముందు నిలబడింది.

"బాబూ, నా దూడకి ఒక్క శేరు పాలు ఇప్పించండి. సచ్చిపోతందండీ."

వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కాదు. చాలామందికి కళ్ళు చెమర్చాయి.

"మాకూ బాదగానే ఉందే నరసాయమ్మా" అన్నాడు అబ్బులుగారు. "కానీ పాలు మాజీలకేనని తీర్మానం. నీ దూడ ఎప్పుడైనా ప్రెసిడెంటుగా సేసిందా?"

"లేదండీ."

"సేసుంటే ఇచ్చేవోళ్ళం."

"అయితే ఇప్పుడు సెయ్యనివ్వండి" అంది నరసాయమ్మ.

ఆ మాటకి ఎవరికీ అడ్డు తోచలేదు. దూడ మాట తప్పినట్టు ఎవరూ వినలేదు, అప్పు ఎగ్గొట్టినట్టూ వినలేదు. అభ్యంతరం ఉంటే చెప్పమని దాన్నే అడిగారు. అది ఊరుకుంది. అంతే, ఏకగ్రీవం. మెడలో బంతిపూల దండ వేసి, ఎత్తి గద్దె మీద పడుకోబెట్టారు. అది సన్నగా ఓ అరుపు అరిస్తే, ప్రమాణం కూడా అయిపోయిందని చప్పట్లు కొట్టారు.

ఇంక పాలియ్యమంది నరసాయమ్మ. ఇప్పుడెలా ఇస్తామన్నారు వాళ్ళు. ఇప్పుడు అది ప్రెసిడెంటు. ఏడాది గడిచి దిగితే కదా మాజీ అయ్యేది.

ఏడాది కాదు కదా, రేపటి దాకా ఉండేలా లేదు దూడ. తన చేతులతోనే దాన్ని గద్దె ఎక్కించి చంపుకుంటున్నానని నరసాయమ్మ నేలమీద కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఊరంతా ఏడ్చింది గానీ, ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు.

ఈ గొడవలో పాలు తీసే వేళ దాటిపోయింది. పొదుగు బరువెక్కిన గేదె కట్టుతాడు తెంపుకుని, దూడని వెతుక్కుంటూ చావిడికే వచ్చేసి, గొంతెత్తి అరిచింది. దూడ చెవులు నిక్కాయి. తల ఎత్తింది. ముందుకాళ్ళు మడిచి, వెనక్కాళ్ళు లేపి, వణుకుతూ నిలబడింది. గద్దె అంచు దాకా వచ్చి ఒక్క దూకు దూకింది. తూలుకుంటూ వెళ్ళి తల్లి పొదుగులో మూతి పెట్టింది.

లాగే నలుగురూ చేతులు చాచినవాళ్ళు చాచినట్టే ఉండిపోయారు. అబ్బులుగారు లేచి తలపాగా తీశాడు.

"మా ఆరుగుర్నీ కాళ్ళు పట్టుకు లాగితేగాని దిగలేదు. దీన్ని ఎవరూ లాగలేదు. తనంతట తనే దిగిపోయింది. ఈ లంకలో ఇంత పెద్ద మాజీ ఇంకోరు లేరు. ముందు దీన్ని కడుపునిండా తాగనివ్వండి, తరవాతే మాకు."

ఆ రోజు చుక్కమ్మని ఎవరూ మధ్యలో లాగి కట్టెయ్యలేదు. నురగ మూతితో అది తోక ఆడిస్తూ తాగుతుంటే, నరసాయమ్మ దాని వీపు నిమురుతూ నవ్వింది. ఆవిడ నవ్వగా ఊరు చూడటం అదే మొదలు.

నెల తిరిగేసరికి దూడ నిగనిగలాడింది. విచారణ ఏమైందో చూద్దామని ఆఫీసరు పడవెక్కి వచ్చాడు. పాకలో గొడుగు కింద దూడ నిలబడి ఉంది. ఎదురుగా ఇద్దరు చేతులు కట్టుకుని దాన్ని చూస్తున్నారు. ఎవరిదని అడిగితే, మాజీ ప్రెసిడెంటుగారని చెప్పారు. ఆఫీసరు నోరు తెరిచి, రెప్ప వెయ్యకుండా అలాగే నిలబడిపోయాడు.

"ఎంత గౌరవంగా సూత్తన్నారో సూడండి" అని బులిసత్యం అబ్బులుగారి చెవిలో అన్నాడు.

వెంటనే ఆఫీసరుగారికీ ఒక పీట వేశారు. ఆఫీసరు కూర్చోలేదు. మొత్తం కథ విని, తల పట్టుకుని, ముందు ఆ తీర్మానం పక్కన పెట్టమని చెప్పాడు.

ఇంకేముంది, పరుగున వెళ్ళి పెట్టె తాళం తీసి, తీర్మానం కాగితం తెచ్చి, మాజీగారి పక్కన పెట్టారు. చుక్కమ్మ దాన్ని వాసన చూసింది. నాకింది. పరపరా నమిలి మింగేసింది.

ఊరంతా గాభరా పడింది. తీర్మానం చేతిలో లేనిదే మాజీలకి పాలిచ్చేదెలా? అది బయటికి వచ్చేదాకా ఎవరికీ భత్యం లేదని, పాలన్నీ గేదె దగ్గరే ఉంచాలని తేల్చారు. ఆఫీసరు రేవుకి వెళ్ళి పడవెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. చూసేవాళ్ళంతా పీటలు తీసుకుని దూడ ముందు నుంచి దూడ వెనక్కి మారారు. ఆరుగురు మాజీలూ కూడా తలో పీట తెచ్చుకుని, వాళ్ళ పక్కనే కూర్చుని, చేతులు కట్టుకుని, తోక ఎప్పుడు లేస్తుందా అని గౌరవంగా చూస్తున్నారు.