రెండు సెకన్లు దాటినవి

ప్రశ్న అడిగిన శిష్యుడికి ఆచార్య సుభద్ర గారు ముందుగా కుర్చీ చూపిస్తారు. కూర్చోమని కాదు, పక్కకి జరపమని. గది మధ్యలో నేల ఖాళీ అయ్యాక అక్కడ ఏదో ఒకటి జరుగుతుంది. జరిగిందే జవాబు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లందరికీ ఈ అలవాటు తెలుసు. కొందరు ఆ కుర్చీ గుర్తొచ్చి ప్రశ్న మింగేసేవారు.

శశిభూషణ్ మింగే రకం కాదు. పరిశోధనలో మూడో ఏడు. లెక్కల్లో గట్టివాడు, ఆ సంగతి అతనికీ తెలుసు. ఒక శుక్రవారం ఉదయం నివేదిక ఒకటి ఆవిడ బల్ల మీద పెట్టి సంతకం కోసం నిలబడ్డాడు.

ఆ నివేదిక పైడితల్లి అనే తొమ్మిదేళ్ల పిల్ల గురించి. జాలరిపేట పిల్ల. తల్లి నూకరత్నం హార్బర్లో రొయ్యలు వలుస్తుంది. ప్రశ్న వేస్తే ఒకసారి ఠక్కున జవాబు చెబుతుందనీ, ఇంకోసారి ఎంత పిలిచినా పలక్కుండా గుడ్లప్పగించి చూస్తుందనీ బడి హెడ్మాస్టరు ఫిర్యాదు. ఆమెను చూసి మిగతా పిల్లలు చెడిపోతున్నారట. లోపం ఉంటే వైద్యం చేయించండి, లోపం లేకపోతే అది మొండితనం, సోమవారం నుంచి పంపొద్దు అని ఆయన తల్లితో చెప్పాడు. లోపం ఉందో లేదో తేల్చే పని ఈ విభాగానికి వచ్చింది.

శశిభూషణ్ తేల్చాడు. దీపం వెలగ్గానే పిల్ల మీట నొక్కాలి. వెలగడానికీ నొక్కడానికీ మధ్య ఎంతసేపు పట్టిందో యంత్రం నమోదు చేస్తుంది. పైడితల్లి అరవై సార్లు నొక్కింది. ఆ విభాగంలో ఒక పాత ఆనవాయితీ ఉంది. సగటు కట్టే ముందు అంకెలను ఏరుతారు. రెండు సెకన్లు దాటినవన్నీ తీసేస్తారు. దోమ కుట్టి ఉంటుంది, కిటికీలోంచి ఓడ కనపడి ఉంటుంది, మీట పట్టేసి ఉంటుంది, అది పిల్ల తెలివి కాదు, చెత్త అని సీనియర్లు జూనియర్లకు చెబుతూ వచ్చారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తు లేదు. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. పరీక్ష పెట్టేవాడు తెర వెనక కూర్చుంటాడు. అతని మొహం చూసి పిల్లలు తడబడకూడదని ఆ ఏర్పాటు. దానివల్ల పిల్ల మొహం అతనికీ కనపడదు.

ఏరగా మిగిలినవాటి సగటు ఆ తరగతి పిల్లల సగటుతో సమానంగా వచ్చింది. శశిభూషణ్ "లోపం లేదు" అని రాశాడు. ఆ రెండు మాటలతో పిల్ల మొండిదని తేలిపోతుంది, బడి పోతుంది. అది అతనికి తెలియక కాదు. అంకెలు చెప్పింది రాయడమే తన పని అనుకున్నాడు.

సుభద్ర గారు చదివి, "అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయి? ఆ విచలనం ఏదీ?" అన్నారు.

"కింద రాశాను మేడమ్. చాలా తక్కువ."

"ఏరక ముందుది అడుగుతున్నాను."

అతనికి కొంచెం విసుగొచ్చింది. గొంతులో మాత్రం మర్యాద తగ్గలేదు.

"అది పెద్దదే మేడమ్. ఐదు అంకెలు మిగతావాటికి ఎక్కడో దూరంగా ఉన్నాయి. ఒకటి ఏడు సెకన్లు, ఒకటి తొమ్మిది, ఇంకోటి పదకొండు. వాటివల్లే పెరిగింది. పోనీ, ఏరలేదనే అనుకుందాం. మధ్యగతం కూడా తీశాను. అరవై అంకెల్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసలో నిలబెడితే సరిగ్గా నడిమి చోటు. అదీ అంతే వచ్చింది. ఎటునుంచి చూసినా నడుమ కదలడం లేదు. నడుమ కుదురుగా ఉన్నప్పుడు చెదిరినవాటి గురించి ఎందుకు అడుగుతారు? సగటు పిల్ల సంగతి చెబుతుంది, విచలనం మన పరీక్షలో పడిన దుమ్ము సంగతి చెబుతుంది. అంతే కదా మేడమ్?"

"ఆ కుర్చీ జరుపు," అన్నారావిడ. "వరండాలో ఉన్నవాళ్లని పిలు."

నూకరత్నం చెప్పులు గుమ్మం బయట విడిచి, పిల్ల రెక్క పట్టుకుని లోపలికొచ్చింది.

"ఏటి తేలిందమ్మా? బళ్లో ఉంచుతారా, నేదా?"

"కూర్చో అమ్మా. ఇంకా తేలలేదు," అన్నారు సుభద్ర గారు.

శశిభూషణ్ బల్ల మీది నివేదిక వైపు చూశాడు.

"ఉన్నమాట సెప్పేత్తాను," అంది నూకరత్నం. "మంచి పిల్లేనమ్మా. ఒకోపాలి మాత్రం దెయ్యమంత మొండి. పిలిస్తే పలకదు. కొడితే ఉలకదు. ఏడుపైనా రాదు దానికి. ఆ సూపు సూత్తే నాకు ఇంకా ఒళ్లు మండిపోతాది."

"అదుగో, మొదలెట్టీసింది," అంది పైడితల్లి సుభద్ర గారితో, పెద్దవాళ్ల సంగతి పెద్దవాళ్లకి చెబుతున్నట్టు.

ఆవిడ నవ్వి శిష్యుడి వైపు తిరిగారు. "నిన్న ఈ పిల్ల దగ్గర ఏదో తీసుకున్నావట?"

"అచ్చంగిల్లాలు మేడమ్. జేబులో గలగలమంటుంటే పరీక్షకి అడ్డమని సొరుగులో పెట్టాను. తిరిగివ్వడం మరిచిపోయాను."

"తెచ్చివ్వు. ఇచ్చి, నువ్వే ఆమెతో ఆడు."

అవి సముద్రం నునుపు చేసిన చిన్న రాళ్లు. ఒక రాయి పైకెగరేసి, అది దిగేలోగా నేల మీది రాళ్లు ఏరి, అదే చేత్తో ఆ రాయిని పట్టుకోవాలి. శశిభూషణ్ ఇస్త్రీ ప్యాంటుతో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అతను ఎగరేసిన మొదటి రాయి అతని మోకాలికే తగిలింది. రెండోది బల్ల కిందికి పోయింది.

"సారుకి రాదు," అంది పైడితల్లి. "పైకి సూడాలి సారూ. మీరు కిందకి సూత్తా కూకుంటే రాయి మీ కోసం పైనే ఉండిపోద్దేటి?"

నూకరత్నం "తప్పే!" అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శశిభూషణ్ కూడా నవ్వాడు.

పిల్ల వంతు వచ్చింది. ముందు ఒక్కొక్కటి, తర్వాత రెండేసి. రాయి లేవడం, వేళ్లు నేలని తుడిచినట్టు వెళ్లిరావడం, రాయి వచ్చి అరచేతిలో పడడం అన్నీ ఒకే తూగులో సాగాయి. ఇంత చురుకైన చెయ్యి ఆ గదిలో ఇంకోటి లేదు. లోపం లేదని రాసింది ఎంత సరిగ్గా రాశాడో శశిభూషణ్‌కి కళ్లెదుటే కనపడుతోంది. గెలిచినట్టే అనుకుని ఆవిడ వైపు చూశాడు. ఆవిడ పిల్లనే చూస్తున్నారు.

మూడేసి మొదలుపెట్టింది. రాయి పైకి లేచింది. దిగింది. చేతికి తగిలి, జారి, బల్ల కిందికి దొర్లిపోయింది. చెయ్యి మాత్రం గాలిలోనే ఉంది, అరచెయ్యి పైకి తెరిచి. పిల్ల పడిపోలేదు, వణకలేదు, పక్కకి ఒరగలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్పలు మాత్రం సన్నగా అదురుతున్నాయి.

"ఇదే! ఇదేనమ్మా సూడండి దాని మొండితనం!" నూకరత్నం చెయ్యెత్తింది. సుభద్ర గారు ఆ చేతిని గాలిలోనే పట్టుకున్నారు, వదల్లేదు.

"పైడితల్లీ," అన్నాడు శశిభూషణ్. పలకలేదు. ముందుకి వంగి మొహానికి ఎదురుగా మళ్లీ పిలిచాడు. ఆ కళ్లు అతని మీదే ఉన్నాయి, అతన్ని చూడడం లేదు. అతనికి తెర వెనక యంత్రం గుర్తొచ్చింది. దీపం వెలిగి, ఎవరూ నొక్కక, అంకెలు తిరుగుతూ పోయిన యంత్రం.

తర్వాత పిల్ల వేళ్లు చటుక్కున మూసుకున్నాయి, అప్పుడే రాయి దిగినట్టు. గుప్పిట విప్పి చూసుకుంది. ఖాళీ.

"రాయేదీ?" అంది. చుట్టూ వెతికి, అనుమానంగా శశిభూషణ్ వైపు చూసింది. "సారూ, మీరు తీసీసేరా?"

నూకరత్నం ఎత్తిన చేతిని మెల్లగా దించుకుంది.

"అమ్మా," అంది, చాలా చిన్నగా. "నాను కొట్టినప్పుడు... అది ఇక్కడ నేదా?"

సుభద్ర గారు ఆమె చేతిని ఇంకా వదల్లేదు. "ఇకమీదట కొట్టకు. ఇది మొండితనం కాదు. ఏమిటన్నది నరాల డాక్టరు చెప్పాలి, అది మా పని కాదు. ఇలాంటివాటికి మందులున్నాయి. వాడి బాగుపడిన పిల్లల్ని నేను చూశాను. ఇవాళే వెళ్లాలి, చీటీ రాసిస్తాను."

ఆ తర్వాత ఫోన్ తీసి హెడ్మాస్టరుతో మాట్లాడారు. గొంతు పెంచలేదు. "మాస్టారూ, పైడితల్లి సోమవారం బడికి వస్తుంది. మొండితనం అన్న మాట మీ ఫిర్యాదులోంచి కొట్టేయండి. పలకనప్పుడు బెత్తం తీయకుండా ఆ సమయం రాసి పెట్టండి, డాక్టరుకి పనికొస్తుంది... మా నివేదికా? మీకు రావలసింది ఇంకా రాయలేదు. ఇవాళ రాస్తాం."

శశిభూషణ్ బల్ల కిందికి దూరి దొర్లిపోయిన రెండు రాళ్లూ వెతికి తీశాడు. పిల్ల వాటిని చూసి, తనవేనని ఒప్పుకుని, జేబులో వేసుకుంది. "మళ్లొచ్చినప్పుడు నేర్పుతాను లెండి," అని అతనికి మాటిచ్చి తల్లి వెంట వెళ్లింది. నూకరత్నం వెళ్లేటప్పుడు పిల్ల రెక్క పట్టుకోలేదు, చెయ్యి పట్టుకుంది.

అతను కుర్చీని తిరిగి దాని చోట పెట్టాడు. నివేదిక చేతిలోకి తీసుకున్నాడు.

"సగటు తప్పేనా మేడమ్? మార్చమంటారా?"

"ఉండనివ్వు, సరిగ్గానే కట్టావు," అన్నారు సుభద్ర గారు. "అది ఆ పిల్ల మన దగ్గర ఉన్నప్పటిది. లేనప్పటివి ఎక్కడ పారేశావో వెతుక్కురా."