మంద కట్టిన చేను

"అన్నశుద్ధి ఎక్కడ మొదలవుతుంది స్వామీ?" అని సాంబమూర్తి అడిగాడు. జవాబు తనకు తెలుసనే ధీమాతోనే అడిగాడు. కొండకింద ఆశ్రమంలో వంట బాధ్యత అతనిది. తడిబట్టతో వండుతాడు, వంట ముగిసేదాకా వంటింటి గడప ఎవర్నీ తొక్కనివ్వడు. నిరంజనస్వామి మెచ్చుకుంటారని ఎదురుచూశాడు, పాపం. ఆయన మాత్రం "ఈ మూడు రోజులూ మాళింగప్పకు కడుపునిండా పెట్టు" అని లేచి వెళ్లిపోయారు.

మాళింగప్ప గొర్రెల కాపరి. ఆశ్రమానికున్న ఒక్క చేనూ రెండేళ్లుగా తాలుగింజలే ఇస్తోంది. ముప్పైమంది కడుపులకు అదే ఆధారం. రాత్రిళ్లు మందను చేలో నిలిపితే గొర్రెల పెంటతో నేలకు సత్తువ వస్తుందని స్వామి అతణ్ణి బతిమాలి పిలిపించారు. మూడు రాత్రులు మంద, మూడు పూటలు భోజనం, ఇదీ ఒప్పందం. పడమట మబ్బులు దిగుతున్నాయి. వాన పడగానే విత్తాలి. ఈలోగా మరో మంద ఈ దారిన రాదు.

మొదటి సాయంత్రం మందను చేలోకి తోలి, చుట్టూ తడికలు కట్టి, మాళింగప్ప వంటింటి ముందుకొచ్చి నిలబడ్డాడు. కాళ్లకు మోకాళ్లదాకా పెంట. సాంబమూర్తి గడపకు అడ్డంగా వచ్చాడు.

"ఆగక్కడే! ఆ కాళ్లతో ఇక్కడికొస్తావా? అన్నం మైలపడదూ?" అని కసిరి, విస్తరిని పెరటి చివర నేలమీద పెట్టి వచ్చాడు.

మాళింగప్ప దాన్ని ముట్టుకోలేదు. వెనుదిరిగాడు. కాసేపటికి చేనువైపు నుంచి కుక్కల అరుపులు, తడికలు ఊడదీస్తున్న చప్పుడు వినిపించాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ సామెత సాంబమూర్తికి చేనుకు పరుగెత్తుతుంటే గుర్తొచ్చింది.

అప్పటికే ఒక పక్క తడికలు లేచిపోయాయి. గొర్రెలు దారిపట్టడానికి తోసుకుంటున్నాయి. గట్టుమీద స్వామి ఒక గొర్రెపిల్ల కాల్లో ముల్లు తీస్తున్నారు. ఒక్కమాట చెప్పి ఆపుతారేమోనని సాంబమూర్తి ఆయనకేసి దీనంగా చూశాడు. ఆయన తలెత్తలేదు.

"పోవద్దు మాళింగప్పా, తప్పయిపోయింది. ముప్పైమంది ఈ చేను మీదే బతకాలి."

"నా కాళ్లకుండే పెంట నీకు మైల కదా సామీ. మరి దాంతో పండిన గింజ నీ కుండలోకి ఎట్ల పోతాది?"

ముందు నడిచే పొట్టేలు గట్టు ఎక్కబోతోంది. సాంబమూర్తి ఇంకేం తోచక, తడికలు తీసిన ఆ సందులోనే, ఆ పెంటలోనే చతికిలబడి చెయ్యి చాపాడు.

"నాకూ ఆకలేస్తోంది. నీ మూటలో ఏముంటే అది పెట్టు."

గొర్రెలు సాంబమూర్తి భుజాలను ఒరుసుకుంటున్నాయి. అతను కదల్లేదు. చివరికి మాళింగప్ప మూట విప్పి, రాగిసంగటి ముద్దను రెండుగా విరిచి, ఒకటి అతని చేతిలో పెట్టాడు. మొదటి కబళం గొంతులో అడ్డంపడింది, సాంబమూర్తికి ఏడుపొచ్చినంత పనైంది. రెండోది దిగింది. మూడోదానికి నిజంగానే ఆకలేసింది. మాళింగప్ప ఈల వేశాడు. కుక్కలు మందను లోపలికి మళ్లించాయి. తడికలు మళ్లీ నిలబడ్డాయి.

సాంబమూర్తి చేతికి సంగటీ పెంటా రెండూ అంటుకుని ఉన్నాయి. అటూ ఇటూ చూశాడు. స్వామి గట్టు దిగి వచ్చి నీళ్లచెంబు అందించారు.

"కడుక్కో నాయనా, తప్పులేదు. ఆ నీళ్లు మాత్రం చేలోనే పోసెయ్."