కోళ్లగూటికి తూము

కుంభవరం రాజుగారు ఊరి నడుమ ఏనుగులు ఈదేటంత మురుగుకాలువ తవ్వించారు. దాని పెత్తనం విరూపాక్షయ్యది. ఆయన మీసాలు వీధి మలుపు తిరిగిన ఘడియకు గానీ ఆయన పల్లకీ తిరిగేది కాదు.

ఒకనాడు గుడ్లమ్ముకునే నూకాలు గుమ్మం ముందు పల్లకీ ఆపించి, "ఆ కోళ్లగూటి నుంచి కాలువలోకి తూము లేదేం? తూము లేని కట్టడంలో ఎవరూ ఉండరాదు. పడగొట్టండి" అన్నాడు.

"కోళ్లు స్నానాలు చెయ్యవు బాబయ్యా. గూడు పోతే నక్క ఒక్కదాన్నీ మిగల్చదు. అయినా గూడు కట్టడమెలా అవుద్ది?"

"గోడలు, కప్పు, తలుపు, లోపల ప్రాణి. ఇవుంటే కట్టడమే. రాజాజ్ఞ."

నూకాలు పల్లకీ చుట్టూ తిరిగొచ్చింది. "గోడలున్నాయి, కప్పుంది, తలుపుంది, లోపల తమరున్నారు. తూమేది బాబయ్యా?"

"ఇది మోసుకుపోయేది కదే."

"నా గూడూ అంతే. వానొస్తే నెత్తినెట్టుకుని చూరు కిందికి తెస్తాను."

గునపాలెత్తిన భటులు పల్లకీ వైపు తిరిగారు. బోయీలు ఆశగా పల్లకీ దించబోయారు. కింద చూస్తే మీసాల లోతు బురద.

"ఆగండి. మోసుకుపోగలిగేదేదీ కట్టడం కాదు" అని విరూపాక్షయ్య అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు.

తూము తవ్వే బాధ తప్పుతుందని, తెల్లారేసరికి ఊళ్లో మేడలన్నిటికీ మోతకర్రలు మొలిచాయి.