ఉడుత దాచిన అభ్యంతరం

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున ఓ ముసలి తుమ్మ చెట్టు ఉండేది. దాని కొమ్మల్లో అన్నిటికన్నా లావైనది నీళ్ళ మీదికి చాచుకుని ఉండేది. ఆ కొమ్మ మొదట్లో ఒక తొర్ర. అందులో చారలమ్మ అనే ఉడుత ఒంటరిగా కాపురముండేది. కొమ్మ చివర గిజిగాళ్ళు నాలుగైదు గూళ్ళు వేలాడదీసుకున్నాయి. కింద నీళ్ళు కాబట్టి పాముల భయం తక్కువ. ఎవరి బతుకు వాళ్ళు బతికేవాళ్ళు.

ఆ ఏడు కొండ అవతల కారుచిచ్చు రేగింది. అక్కడి గిజిగాళ్ళ చెట్లన్నీ కాలిపోయాయి. తొలకరి దగ్గరపడింది, గుడ్లు పెట్టే వేళయింది, తలదాచుకునే చోటు లేదు. ఆ గుంపంతా ఎగిరెగిరి అలిసిపోయి తుమ్మ చెట్టు మీద వాలింది. గరిక అనే ఆడపిట్ట ముందుకొచ్చి, "అయ్యా, ఈ కొమ్మ మీద మాకూ కాస్త చోటివ్వండి" అని అడిగింది.

గిజిగాళ్ళ పెద్ద అల్లికయ్యది మెత్తని మనసు. "రండి తల్లీ, రండి. కొమ్మ నిండా కట్టుకోండి" అన్నాడు.

అయితే ఆ చెట్టు మీద ఒక ఆచారముంది. కొత్త గూటికి మొదటి ముడి వేసేటప్పుడు, గడ్డిపోచ రెండో కొసను ఆ కొమ్మ మీద అందరికన్నా ముందునుంచీ ఉన్నవాళ్ళు పట్టుకోవాలి. అంటే చారలమ్మ పట్టుకోవాలి, అప్పుడే ఆమె ఒప్పుకున్నట్టు.

పిల్లలూ, చారలమ్మకు ఒక సంగతి తెలుసు. రోజూ నిద్ర లేచేసరికి ఆమె వీపు మీద చెక్కపొడి రాలి ఉండేది. కొమ్మ మొదలు లోపల పుచ్చిపోతోంది. నాలుగైదు గూళ్ళయితే మోస్తుంది. కొమ్మ నిండా గూళ్ళు కట్టి, అవి వానకు తడిసి బరువెక్కితే మొయ్యలేదు. ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ చెబితే, "మరి అందులో నువ్వెలా ఉంటావు? నువ్వూ ఖాళీ చెయ్యి" అంటారు కదా! తను పుట్టిన తొర్ర అది. వదలబుద్ధి కాలేదు. అందుకని నిజం కడుపులో దాచుకుని, కుంటిసాకులు ఎత్తుకుంది.

మొదటి రోజు, "నేను పోచ పట్టను. ఇంతమంది కిచకిచలాడుతుంటే మధ్యాహ్నం నాకు కునుకెలా పడుతుంది?" అంది.

"చెవుల్లో కాస్త పీచు దూర్చుకో చారలమ్మా" అన్నాడు అల్లికయ్య. పిట్టలన్నీ నవ్వాయి. గరిక మాత్రం నవ్వలేదు. "మధ్యాహ్నం మేం మేతకు పోతాం పిన్నీ. నీ నిద్రకు అడ్డురాం" అంది.

రెండో రోజు, "ఇన్ని గూళ్ళు వేలాడితే నా తొర్రకు ఎండ తగలదు. దాచుకున్న గింజలు బూజు పడతాయి" అంది చారలమ్మ.

"నీ గుమ్మం ముందు ఖాళీ వదిలేస్తాం పిన్నీ" అంది గరిక.

మూడో రోజుకు సాకులు అయిపోయాయి. చారలమ్మకు ఒళ్ళు మండింది. "అసలు మీరెవరు? పిలవని పేరంటానికొచ్చి పీట వెయ్యమంటారా? మీ చెట్లెందుకు కాలాయో, మీ వెంట ఏం దరిద్రం మోసుకొచ్చారో!" అనేసింది.

గరిక ముఖం చిన్నబోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అంత మాట అనకూడదు పిల్లలూ, ఇల్లు కాలి వచ్చినవాళ్ళను ఎవరినీ అనకూడదు.

నోరు జారిందని చారలమ్మకూ తెలిసింది. గొంతు తగ్గించి, "అది కాదు... ఈ కొమ్మ పుచ్చింది. ఇంతమందిని మొయ్యదు" అంది.

అల్లికయ్య మండిపడ్డాడు. "నిద్రన్నావు, ఎండన్నావు, వాళ్ళ కష్టాన్ని ఎత్తిపొడిచావు. ఇప్పుడు కొమ్మ పుచ్చిందా?"

"తొర్రలోకొచ్చి చూడు మామా."

"నీ సాకులు చూడడానికి నాకు తీరిక లేదు" అన్నాడు అల్లికయ్య. ఆచారాన్ని పక్కనపెట్టి గడ్డిపోచ కొస తనే పట్టుకున్నాడు. మొదటి ముడి పడింది.

మగపిట్టలు గూళ్ళు అల్లాయి. ఆడపిట్టలు వంకలు పెట్టి, విప్పించి, మళ్ళీ అల్లించాయి. కొమ్మ నిండిపోయింది. గూళ్ళలో తెల్లని గుడ్లు వచ్చాయి. చారలమ్మ మళ్ళీ నోరెత్తలేదు. తొర్రా వదల్లేదు. చెక్కపొడి మాత్రం రోజురోజుకూ ఎక్కువగా రాలుతోంది.

ముసురు పట్టింది. గూళ్ళన్నీ తడిసి బరువెక్కాయి. ఒక సాయంత్రం గాలి విసురుకు తొర్ర గోడ ఫెళ్ళుమంది. చారలమ్మ బయటికి దూకి, "లేవండి! కొమ్మ విరుగుతోంది! లేవండి!" అని అరిచింది.

"మళ్ళీ మొదలెట్టింది" అన్నాయి పిట్టలు గూళ్ళలోంచే.

కొమ్మ విరిగి వాగులో పడింది. రెక్కలున్నవాళ్ళు ఎలాగో ఎగిరారు. గుడ్లకు రెక్కలు లేవు కదా! నిండు వాగు గూళ్ళన్నిటినీ లాక్కుపోయింది. చారలమ్మ తొర్ర రెండుగా చీలిపోయింది.

వాన వెలిసింది. విరిగిన కొమ్మ మొదలు మీద అల్లికయ్య తల వాల్చుకుని కూర్చున్నాడు. "వచ్చి చూడమన్నావు. నేను రాలేదు" అన్నాడు.

గరిక చారలమ్మ దగ్గరకు వచ్చింది. "కొమ్మ పుచ్చిందని నీకెప్పుడు తెలుసు పిన్నీ?"

"మీరు రాకముందే."

"మరి మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?"

చారలమ్మ ఇక దాచలేకపోయింది. "చెబితే నేనూ తొర్ర వదలాల్సి వచ్చేది" అని ఏడ్చింది.

 గరిక అంది: "నీ నిద్ర గురించి చెబితే విన్నాం. ఎండ గురించి చెబితే విన్నాం. ఇదీ వినేవాళ్ళం పిన్నీ. ఈ చెట్టుకు ఇన్ని కొమ్మలున్నాయి..."

గరిక గూళ్ళు కొట్టుకుపోయిన వైపే చూస్తూ కూర్చుంది.

నీతి: అసలు కారణం దాచి సాకులు చెబుతూ పోతే, చివరికి చెప్పిన నిజం కూడా సాకులాగే వినిపిస్తుంది; దానికి మూల్యం ఏ పాపమూ ఎరగనివాళ్ళు చెల్లిస్తారు.