నాలుగో సున్నపు చుక్క

ఓదేలుకు ఒక్కటే కోరిక. ఈ ఏడు ఉర్సుకు దర్గా వంటశాలకు వెళ్లే కత్తి తన చేతిది కావాలి.

ఆ కత్తిని ఊరేగింపులో మోసుకెళ్లే మనిషికి ఆకుపచ్చ తలపాగా చుడతారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ గౌరవం మదార్ ఉస్తాద్‌దే. ఇప్పుడు ఉస్తాద్ కళ్లకు శుక్లాలు ముసిరాయి, చెయ్యి వణుకుతోంది. అందుకని కత్తి చేసే పని శిష్యుడికి వచ్చింది. కానీ సరే అనాల్సింది మాత్రం ఉస్తాదే. ఆయన అనకపోతే దర్గాకు ఈసారి బజారు కత్తే గతి.

ఓదేలు నిన్నమొన్నటి కుర్రాడేం కాదు. నలభై దాటిన కమ్మరి. జగిత్యాల చుట్టుపక్కల తన కొడవలి పట్టని రైతు లేడని చెప్పుకుంటాడు. ఎవరూ అడక్కపోయినా చెప్పుకుంటాడు. అంతటివాడు మూడేళ్ల కిందట వచ్చి ఉస్తాద్ దగ్గర కూర్చున్నది ఒక్క విద్య కోసం. అదే పట్టు మెరుగు.

కత్తిని అద్దంలా మెరిపించడం మిషన్ ఉన్న ఎవడికైనా వస్తుంది. ఉస్తాద్ కత్తిలో ముఖం కనబడదు. పిడి దగ్గర నుంచి మొన దాకా వెంట్రుక కన్నా సన్నని గీతలు, అన్నీ ఒకే దిక్కుగా సాగి, కొత్త పట్టుచీరలా మెత్తగా వెలుగుతాయి. చెక్కముక్కకు ఉప్పు కాగితం చుట్టి, పిడి దగ్గర ఆనించి, మొన దాటి గాలిలోకి పోయేదాకా ఒకే లాగు లాగాలి. మధ్యలో ఆగకూడదు. వెనక్కి రాకూడదు. అంతే విద్య. ఆ అంతే నేర్చుకోవడానికి ఓదేలుకు మూడేళ్లు పట్టింది.

ఉర్సు పది రోజులుందనగా కత్తి తయారైంది. ఓదేలు దాన్ని తెల్లగుడ్డలో పెట్టుకుని, పెళ్లికొడుకులా నడిచొచ్చి, ఉస్తాద్ ముందు పెట్టాడు.

"చూడుండ్రి ఉస్తాద్. మీ కత్తి పక్కన పెడితే ఏది మీదో ఏది నాదో చెప్పలేరు."

అనేశాక నాలుక కరుచుకున్నాడు గానీ, లోపల మాత్రం ఆ మాట నిజమేననుకున్నాడు. పైగా చూపు ఆనని మనిషి ఇందులో ఏం పట్టుకుంటాడులే అని కూడా అనుకున్నాడు.

ఉస్తాద్ కత్తిని ఒళ్లో పెట్టుకున్నాడు. బొటనవేలి గోరు పిడి దగ్గర ఆనించి మెల్లగా మొన వైపు జరిపాడు.

"నిన్న ఆఖరి కాగితం పడుతుంటే ఎవరన్న వచ్చిన్రా?"

ఓదేలు ముఖం విప్పారింది. "వచ్చిన్రు ఉస్తాద్! పొద్దుగాల మటన్ కొట్టు ఖాజా భాయ్. పగటీలి చాయ్ హోటల్ సత్తెమ్మక్క. పొద్దుగూకంగ మా బామ్మర్ది. ముగ్గురు నోరు తెర్సుకొని చూసిన్రు."

"మంచిది," అన్నాడు ఉస్తాద్. పక్కనున్న పాన్‌దాన్ తెరిచి, చిటికెన వేలికి సున్నం అద్దుకుని, కత్తి మీద ఒక చుక్క పెట్టాడు. గోరు జరిపాడు. ఇంకో చుక్క. ఇంకొకటి. చివరికి మొన దగ్గర మరొకటి.

"వాకిట్లకు తీస్కపోయి చూడు."

ఓదేలు వాకిట్లో నిలబడి, సున్నం పక్కకు తోసి, కత్తిని ఏటవాలు ఎండకు తిప్పాడు. ఒక్కో చుక్క కింద ఒక్కో చిన్న గీత, చేపల గాలంలా కొన వంగి ఉంది. కాగితం లాగుతూ లాగుతూ మధ్యలో ఆగితే పడే గీత అది. ముగ్గురొచ్చారు, ముగ్గురికీ చెయ్యి ఆపి కత్తి తిప్పి చూపించాడు.

తిరిగొచ్చి నిలబడ్డాడు. ఓడిపోవడం ఇష్టం లేని మనిషి గనక ఒక మాట అననే అన్నాడు.

"మూడంటె ఒప్పుకుంట ఉస్తాద్. నాలుగోపారి ఎవ్వరు రాలే. ఒట్టు."

"వచ్చిండు."

"ఎవరు?"

"నువ్వు. నువ్వే వచ్చి చూసుకున్నవ్."

ఓదేలు చెవులు వేడెక్కాయి. బామ్మర్ది వెళ్లిపోయాక మొన దగ్గర చెయ్యి ఆపి, కత్తిని దీపానికెత్తి, 'వారెవ్వా ఓదేలూ' అని తనకు తానే అనుకున్న సంగతి గుర్తొచ్చింది.

సున్నం తుడిచి, అన్నిటికన్నా గరుకైన కాగితం తీసి, మొదటి నుంచి మొదలుపెట్టాడు.

రేపు ఉర్సు అనగా సాయంత్రానికి కత్తి మళ్లీ ఉస్తాద్ ఒళ్లోకి వచ్చింది. ఈసారి ఓదేలు నడిచి రావడంలో పెళ్లికొడుకు లేడు. గడప మీద అతని బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. పాపం, పొద్దున్నుంచీ బావ వెంటే ఉన్నాడు.

ఉస్తాద్ సున్నంలో చిటికెన వేలు ముంచి సిద్ధంగా పెట్టుకున్నాడు. గోరు పిడి దగ్గర ఆనించి జరిపాడు. గోరు ఎక్కడా ఆగకుండా మొన దాటి గాలిలోకి పోయింది. ఉస్తాద్ మళ్లీ జరిపాడు. మళ్లీ అంతే.

"ఇయ్యాల ఎవరెవరు వచ్చిన్రు?"

ఓదేలు కాసేపు ఆలోచించాడు.

"ఎవ్వరు రాలే ఉస్తాద్."

గడప మీది బామ్మర్ది ఉలిక్కిపడ్డాడు. పొద్దున ఖాజా భాయ్ వచ్చి, పిలిచి పిలిచి పోయాడు. తను బావ పక్కనే కూర్చుని రెండు చాయ్‌లు తాగాడు. ఉస్తాద్ అంతటి ఉస్తాదే కర్ర పట్టుకుని వచ్చి, ఓదేలు భుజం వెనక చాలాసేపు నిలబడ్డాడు. ఇదంతా చెప్పడానికి అతను నోరు తెరిచాడు. ఉస్తాద్ చెయ్యెత్తి వద్దన్నాడు.

వేలికున్న సున్నాన్ని ఆయన ఒక తమలపాకుకు రాసుకుని, మడిచి నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత గోడ పట్టుకుని లేచి, పెట్టె తెరిచి, మడత పెట్టిన ఆకుపచ్చ గుడ్డ బయటికి తీశాడు. మసకబారిన ఆ కళ్లలో గర్వం దాచుకుందామన్నా దాగలేదు.

"తల వంచు," అన్నాడు.